పేరు కాగితం మీద ఉంటేనే బందీ ఇంటికొస్తాడు

సంపాదకులకు నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర ఊరు. మా ఆయన సైన్యంలో చేసి రిటైరయ్యారు. ఆమధ్య ఆయనకి మోకాలి ఆపరేషన్ అయి మంచం మీదే ఉండాల్సి వస్తే, పొద్దుపోవడానికి మా అబ్బాయి ఫోన్‌లో ఒక పాత హిందీ సీరియల్ పెట్టి ఇచ్చాడు. 'పీఓడబ్ల్యూ: బందీ యుద్ధ్ కే', అంటే యుద్ధ ఖైదీలు. 2016 నవంబర్‌లో స్టార్ ప్లస్‌లో మొదలై మరుసటి ఏడాది ముగిసింది. నిఖిల్ అద్వానీ తీశారు. నాకు హిందీ అంతంతమాత్రం. అర్థంకాని చోట ఆయన చెబుతుంటే నేనూ పక్కన కూర్చుని మొత్తం చూశాను. చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

కార్గిల్ యుద్ధంలో శత్రువుకి చిక్కిన ఇద్దరు జవాన్లు ఇమాన్ ఖాన్, సర్తాజ్ సింగ్ 17 ఏళ్ళ తర్వాత ప్రాణాలతో ఇంటికొస్తారు. అక్కణ్నుంచి కథ. దీనికి మూలం ఇజ్రాయెల్‌లో గిడియాన్ రాఫ్ రాసి తీసిన 'హతూఫిమ్'. 2010లో అక్కడి టీవీలో వచ్చింది. అమెరికా వాళ్ళు కూడా దాన్నే తీసుకుని 2011లో 'హోమ్‌ల్యాండ్' చేశారు. మూలంలో బందీలు ముగ్గురు. ఇద్దరు నడిచి వస్తారు, ఒకరు శవపేటికలో వస్తారు. ఒకాయన భార్య ఆ 17 ఏళ్ళూ భర్త కోసం ఊరూరా తిరిగి పోరాడుతుంది. ఇంకొకాయనకి భార్య కావలసిన అమ్మాయి, చివరికి ఆయన సోదరుణ్ణే పెళ్ళి చేసుకుంటుంది. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం.

హిందీలో భార్యలుగా సంధ్యా మృదుల్, అమృతా పురి చేశారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి తన భర్తేనని కళ్ళు చెబుతున్నా మనసు నమ్మలేని స్థితిని ఇద్దరూ మాటల అవసరం లేకుండా చూపించారు. నాకు సీరియల్ అంటే అదే. వచ్చినవాళ్ళు శత్రువు మనుషులుగా మారి వచ్చారా అని అనుమానించే అధికారి, ఆ కుట్రలు, ఛేజింగులు నడుస్తున్నప్పుడు మా ఆయన కూడా ఫోన్ పక్కన పెట్టేసేవారు. టెన్షన్ కావాలి కాబట్టి పెట్టారని తెలుసు. కానీ 17 ఏళ్ళు చెరలో ఉండి వచ్చిన మనిషి చుట్టూ అనుమానాన్నే అసలు కథ చేయడం నాకు నచ్చలేదు. భార్య పక్కన పడుకోవడానికి భయపడుతున్న మనిషిని చూపిస్తే చాలదా, అంతకన్నా ఏం టెన్షన్ కావాలి?

నేనెందుకింత పట్టించుకుంటున్నానో చెప్పాలి. 1999 ఎండాకాలంలో మా ఆయన కశ్మీర్‌లో ఉన్నారు. ఎక్కడున్నారో ఉత్తరంలో రాయకూడదు. అడ్రసంటే ఆయన నంబరు, యూనిట్ పేరు, కింద '56 ఏపీఓ' అని ఆర్మీ పోస్టాఫీసు నంబరు. అంతే. ఆ జూన్‌లో 23 రోజులు ఉత్తరం లేదు, ఫోన్ లేదు. రోజూ సాయంత్రం చంటిపిల్లని చంకనేసుకుని వెళ్ళి ఎస్టీడీ బూత్ ముందు బల్ల మీద కూర్చునేదాన్ని. బూత్ అబ్బాయి నన్ను చూసి తల అడ్డంగా ఊపేవాడు. 24వ రోజు పోస్ట్‌మేన్ ఇంటి దాకా రాకుండా వీధి మొదట్లోంచే కేకేశాడు. ఉత్తరంలో నాలుగే లైన్లు, పెన్సిల్‌తో. "నేను బాగున్నాను. పాపకి టీకా వేయించావా?" అని ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ బీరువాలో పెళ్ళి చీర మడతలో ఉంది.

నాది 23 రోజుల కథ. 1971 యుద్ధంలో కనిపించకుండా పోయిన మేజర్ అశోక్ సూరి ఇంట్లో, ఆయన చనిపోయినట్టు సైన్యం చెప్పిన మూడేళ్ళకి, 1974 డిసెంబర్‌లో ఒక చీటీ వచ్చింది. 'నేనిక్కడ బాగున్నాను' అని ఇంగ్లీషులో ఒక్క ముక్క. కొడుకు చేతిరాత తండ్రి గుర్తుపట్టారు. తర్వాత సైన్యం కూడా 'వీరమరణం' అన్న మాట తీసేసి 'కనిపించడం లేదు' అని మార్చింది. ఆయన మాత్రం తిరిగి రాలేదు. ఇది సీరియల్ కాదు. నిజంగా జరిగింది.

ఆ యుద్ధం తర్వాత మన దేశం దాదాపు 93,000 మంది పాకిస్తాన్ బందీలను వెనక్కి పంపింది. మనవాళ్ళలో రానివారి లెక్క తేల్చుకోవడానికే ఏళ్ళు పట్టింది. 1979లో లోక్‌సభ ముందు 40 పేర్లు పెట్టారు. తర్వాత అది 54 అయింది. ఆ 54 మందినీ కలుపుకుని ఈమధ్య పార్లమెంటులో చెబుతున్న సంఖ్య 83. మా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరు అన్నదే పాకిస్తాన్ జవాబు. 2007లో ఆ కుటుంబాల నుంచి 14 మంది పాకిస్తాన్ వెళ్ళి అక్కడి జైళ్ళు తిరిగారు. వాళ్ళలో విజయ్ తాంబే అనే వైమానిక దళ అధికారి భార్య దమయంతి గారున్నారు. ఆవిడ అర్జున అవార్డు పొందిన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. పెళ్ళయిన ఏడాదిన్నరకే భర్త విమానం తిరిగి రాలేదు. ఆ 14 మందీ ఒట్టి చేతులతో వచ్చారు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. కార్గిల్‌లో విమానం దెబ్బతిని చిక్కిన కంబంపాటి నచికేత 8 రోజులకు తిరిగొచ్చారు. 2019లో అభినందన్ మూడో రోజుకే వాఘా దాటారు. వాళ్ళు పట్టుబడ్డ సంగతి ప్రపంచానికి తెలిసింది, అందుకే దాచడానికి వీల్లేకపోయింది. 1949 నాటి జెనీవా ఒప్పందం రాసినవాళ్ళు ఈ విషయం ముందే ఆలోచించారు. బందీ శిబిరానికి చేరిన వారం లోపు ఇంటికి ఒక కార్డు రాసుకోనివ్వాలని అందులో ఉంది. పోరాటం ఆగాక ఆలస్యం చేయకుండా వదిలిపెట్టాలనీ ఉంది. ఆ చిన్న కార్డు రాయనివ్వకపోతే మనిషి అసలు లేనట్టే.

మనం ఈ సీరియల్ కథ తెచ్చుకున్న దేశం సంగతి కూడా చెప్పాలి. 'హతూఫిమ్' వచ్చే నాటికి గిలాద్ షాలిత్ అనే ఇజ్రాయెల్ కుర్ర జవాను గాజాలో బందీ. 2006లో చిక్కి 2011 అక్టోబర్‌లో విడుదలయ్యాడు. అతని కోసం ఆ దేశం 1,027 మంది ఖైదీలను వదిలింది. ఆ బేరం సరైనదా కాదా అన్న వాదన నేను చేయను. కానీ ఆ కుర్రాడి పేరు అక్కడ తెలియని ఇల్లు లేదు. మన 54 మందిలో ఒక్కరి పేరు చెప్పమని మా వీధిలో అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. మేమిద్దరమూ సీరియల్ చూశాకే తెలుసుకున్నాం, అందుకు సిగ్గుగా ఉంది. కథని తెచ్చుకున్నాం, ఆ పట్టుదలను మాత్రం తెచ్చుకోలేదు.

ఇదేదో పంజాబ్, ఢిల్లీ వాళ్ళ బాధ అనుకోకండి. మా జిల్లా నుంచి వేలాది మంది చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళతారు. 2018 చివర్లో అక్కడి బోట్ల మీద పనిచేస్తున్న మన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా బయటపడ్డారు. అంటే 13 నెలలు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒక అమ్మాయి, కడుపుతో ఉంది, భర్త ఆధార్ జిరాక్స్ పాలిథిన్ కవర్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది. ఒకచోట 'లిస్టు మాకు రాలేదు' అన్నారట. ఇంకోచోట 'పేపర్లో చూసుకో' అన్నారట. మా ఇంటికొచ్చి "వదినా, లిస్టంటే ఏంటి? అందులో మా ఆయన పేరుందో లేదో ఎవరు చెబుతారు?" అని అడిగింది. మా ఆయనకీ తెలీదు. ముగ్గురం అలా కూర్చుండిపోయాం.

ఆ లిస్టు ఉంది. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు సాధారణ ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకుంటాయి. మర్నాడు పేపర్లో ఇంతమంది అని ఒక పేరా వస్తుంది. కనిపించకుండా పోయిన సైనికులనూ వదలాలని మన ప్రభుత్వం కోరినట్టు కింద ఒక వాక్యం ఉంటుంది. పేర్లుండవు. నా విన్నపం అంతా ఇక్కడే.

ఆ జాబితాలో మన జిల్లాల వాళ్ళుంటే కలెక్టరేట్ నుంచి ఆ ఇంటికి తెలుగులో ఒక కాగితం వెళ్ళాలి. 'మీ మనిషి పేరు ఉంది, ఫలానా జైలు' అని రాస్తే చాలు. సైనికుల విషయంలో, ఈ ఏడాది ఎవరెవరి గురించి అడిగాం, ఏం జవాబొచ్చింది అన్నది పేరు పేరునా పార్లమెంటు ముందు పెట్టాలి. జవాబు రాలేదంటే రాలేదనే రాయండి. 50 ఏళ్ళు దాటి ఎదురుచూసిన ఇంటికి ఆ మాత్రం చెప్పాలి కదా.

ఇలాంటి సీరియళ్ళు తీసేవాళ్ళకీ ఒక మాట. విదేశీ కథ తెచ్చుకోండి, తప్పులేదు. ప్రతి ఎపిసోడ్ చివర అయిదు సెకన్లు ఒక నిజమైన జవాను పేరు, రెజిమెంట్, కనిపించకుండా పోయిన తేదీ వేయండి. అన్ని ఎపిసోడ్లలో 83 పేర్లూ పూర్తయ్యేవి.

మీ పత్రికనీ ఒకటి అడుగుతున్నాను. డిసెంబర్ 16న ఢాకా విజయం గుర్తుచేస్తూ ఏటా ఫొటోలు వేస్తారు. ఈసారి ఆ పేజీలో తిరిగిరాని ఆ 54 మంది పేర్లు కూడా వేయండి. మా ఆయన మీ పేపరు మీద స్కేలు పెట్టి కొలిచారు. చిన్న అక్షరాల్లో వేస్తే ఒక కాలమ్ సరిపోతుందన్నారు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి భార్య,
శ్రీకాకుళం జిల్లా