స్క్రూగేజీ పట్టకుండానే 30కి 30: సీఎం సారుకు కల్వకుర్తి నుంచి ఒక లెటరు

రేవంత్ రెడ్డి సారుకు నమస్తే,

విద్యాశాఖ కూడా మీ దగ్గర్నే ఉన్నది కాబట్టి మంత్రి గారికి వేరే, మీకు వేరే రాసే పని తప్పింది. నేను కల్వకుర్తిల మోటర్ వైండింగ్ షాపు నడిపిస్త, ఇరవై ఏండ్లాయె. మీ సొంతూరు కొండారెడ్డిపల్లి మాకు దూరమేం కాదు, వంగూరు దిక్కు బోరు మోటర్లు కూడా నా దగ్గరికొస్తయి. టెన్త్ దాకా చదివినోనివి నీకు చదువుల సంగతెందుకు అంటరేమో. చదివిన పిల్లలే పని నేర్పుమని నా షాపు మెట్లెక్కుతున్నరు సారు, అందుకే ఇంటర్ పిల్లలను కొన్ని రోజులు పని జాగకు పంపి చేత్తోని పని నేర్పియ్యుండ్రి అని రాస్తున్న.

పోయిన ఎండకాలం మా అక్క కొడుకు వచ్చిండు. హైదరాబాద్‌ల హాస్టల్ల ఉండి ఎంపీసీ చదివిండు, కాలేజీ పేరు వద్దు గానీ, తెల్లారకముందు లేపితే రాత్రి పది దాకా స్టడీ అవర్లే. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌ల 30కి 30 వచ్చినయి, మా అక్క ఆ మెమో వాడకట్టంత చూపెట్టింది. ఖాళీగనే ఉన్నడు కదా అని షాపుకు రమ్మన్న. కాలిన మోటరు విప్పినంక మేం చేసే పని ఏందంటే, పాత తీగ ఒక ముక్క కోసి, పైన పూత గీకి, స్క్రూగేజీల పెట్టి మందం చూస్తం, ఎందుకంటే మళ్ల అదే గేజి తీగ చుట్టాలె, సన్నది చుట్టినమనుకో నెల తిరగకముందే మళ్ల కాల్తది, లావుది పెడితే మోటరు లోపలి గాడిల పట్టదు. స్క్రూగేజీ వాని చేతికిచ్చి ఎంతున్నదో చూడుర అన్న. అటు తిప్పిండు ఇటు తిప్పిండు. పిచ్ స్కేలు, హెడ్ స్కేలు, జీరో ఎర్రర్, లీస్ట్ కౌంట్ 0.01 మిల్లీమీటరు, అన్నీ గడగడ చెప్పిండు, అట్ల చెప్పుడు నాకు జన్మల రాదు. రీడింగ్ మాత్రం చెప్పలేకపాయె. "మామా, ఇది బొమ్మల చూసుడే గానీ చేత్తోని పట్టలే" అన్నడు. మరి రికార్డు ఎవరు రాసిండ్రుర అంటే సీనియర్‌ది చూసి ఎక్కించినం అన్నడు, సిగ్గు పడకుండనే చెప్పిండు, అందరు చేసేదే కదా.

పిల్లగాన్ని నేనేమనలే, వాని తప్పేమున్నది. ఎంపీసీల 1000 మార్కుల్ల సైన్స్ ప్రాక్టికల్స్‌వి 60, బైపీసీల 120, అవి ఎట్లైనా పడ్తయని పిల్లలకు తెల్సు, కాలేజోళ్లకు తెల్సు. ఇంగ ఎంసెట్ ర్యాంకుకు ఇంటర్ మార్కుల వెయిటేజీ కూడా 2023ల తీసేసిరి, అసుంటప్పుడు ల్యాబ్‌ల రెండు గంటలు కూసునుడు కంటే ఆ టైంల బిట్లు ప్రాక్టీస్ చేసుడే లాభం, కాలేజోళ్లు లెక్క కరెక్టుగనే వేసుకున్నరు. నష్టం యాడ తెలుస్తదంటే నాలుగేండ్ల తర్వాత తెలుస్తది. బీటెక్‌ల ట్రిపుల్ఈ, అంటే కరెంటు చదువే, అయిపోయిన ఒక పిల్లగాన్ని అడిగిన, త్రీఫేజ్ మోటరు ఉల్టా తిరుగుతున్నది, ఏం జెయ్యాలె అని. కంట్రోలర్ అన్నడు, ఇంకేదో అన్నడు. రెండు ఫేజులు మార్చి కలిపితే అయిపోతది సారు, మా దిక్కు ఏ బోరు రైతునడిగినా చెప్తడు.

ఇంటర్ వొకేషనల్ కోర్సుల్ల ఆన్ ది జాబ్ ట్రైనింగ్, అంటే పని జాగకు పోయి నేర్చుకునుడు, ఉన్నది కదా అంటరు. ఉన్నది. వాండ్లు గూడ నా దగ్గరికొస్తరు, ఎందుకంటే "అన్నా, హాజరు కాయితం మీద సంతకం పెట్టి స్టాంప్ కొట్టు" అనేటందుకు. కొందరికి నేనే కొట్టిచ్చిన, అబద్ధం ఎందుకు. ఒక్కడు మాత్రం నిజంగ కూసొని నేర్చుకున్నడు, ఇయ్యాల వానికి సొంత షాపు ఉన్నది, నాకే పోటీ.

2020ల సెంటర్ తెచ్చిన విద్యా విధానంల ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండ వడ్లోళ్ల దగ్గర, కుమ్మరోళ్ల దగ్గర పని చూడాలె అని రాసిండ్రు. మంచిదే. నేనడిగేది ఇంటర్ పిల్లల గురించి. ఫస్టియర్ పరీక్షలు మార్చిల అయిపోతయి, సెకండియర్ జూన్‌ల మొదలైతది. నడుమ పదిహేను రోజులు ప్రతి పిల్లను, పిల్లగాన్ని ఊర్లె ఒక పని జాగకు పంపుండ్రి. యాసంగి చివరి తడులప్పుడే మోటర్లు కాలుడు ఎక్కువ, మాకు గూడ అదే సీజను. అందరు నా షాపుకే రావాలని కాదు, నారాయణపేటోళ్లు మగ్గాల కాడికి పోవచ్చు, మిర్యాలగూడోళ్లు రైస్ మిల్లుకు, జడ్చర్లోళ్లు పోలేపల్లి ఫార్మా కంపెనీలకు, సీఈసీ పిల్లలు బ్యాంకుకో ఆడిటర్ కాడికో. ఆడపిల్లలను మోటర్ షాపుకు ఎవరు పంపుతరు అంటే, మా ఇంట్ల తీగ కింద గాడిల పెట్టే పేపర్ కోసేది, కాయిల్స్ కట్టేది నా భార్యనే, నాకంటే సాఫుగ కడ్తది.

మార్కులు మాత్రం మా చేతిల పెట్టకుండ్రి సారు, స్టాంప్ ముచ్చట పైన చెప్పిన కదా. పక్క మండలం నుంచి ఒక లెక్చరర్ వచ్చి పిల్లగాని ముందు ఒక తీగ ముక్క, ఒక స్క్రూగేజీ పెట్టి కొలువుమంటే ఐదు నిమిషాల్ల తేలిపోతది. ఇంకొకటి, నా అసుంటోళ్లను గూడ కొంచెం కనిపెట్టాలె. పదిహేడేండ్ల పిల్లగాడు ఉత్తగ దొరికిండని సామాన్లు మోపిచ్చుడు, చాయ్ తెప్పిచ్చుడు మా షాపుల్ల మామూలే. అట్ల చేసినోని పేరు కొట్టెయ్యుండ్రి. కరెంటు ఉన్న లైను ముట్టనియ్యద్దు, విప్పిన మోటర్ మీదనే నేర్పాలె, ఇది రూల్ల రాయుండ్రి.

65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని కలిసి కొత్త మిషన్లున్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు చేసిండ్రు, స్కిల్ యూనివర్సిటీ పెట్టిండ్రు, సంతోషం. కానీ ఐటీఐకి పోయేది టెన్త్‌ల తక్కువ మార్కులొచ్చినోడే అని ఊర్లల్ల ఇంక అట్లనే అనుకుంటున్నరు, మంచి మార్కులొచ్చినోడు ఎంపీసీకే పోతడు, వాడు ఆ మిషన్ల మొఖం గూడ చూడడు. వారానికి ఒక్కరోజు జూనియర్ కాలేజీ పిల్లలకు ఆ సెంటర్ గేటు తెరిస్తే కొత్తగ ఖర్చేం కాదనుకుంట.

మా అక్క కొడుకు మూడు వారాలున్నడు. ఆఖరికి ఒక ఐదు హార్స్‌పవర్ మోటరు మొత్తం వాడే చుట్టిండు, ఒక్క కాయిల్ తప్పు పోతే విప్పి మళ్ల చుట్టిండు. ఇప్పుడు సీఎస్ఈల చేరిండు, అది వేరే కథ.

మార్చిల ఇటు వస్తే షాపు కాడ ఒకసారి ఆగుండ్రి సారు, ముందట మోటర్లు లైను కట్టి ఉంటయి, గుర్తు పట్టుడు కష్టం కాదు.

ఇట్లు,
ఒక వైండింగ్ మేస్త్రి, కల్వకుర్తి