ప్రొద్దుటూరు సార్‌కు, నాతో పాటు ఎండలో నిలబడిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

కడపలో మా మిద్దె మీదున్న హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా నడిపే సొంత రేడియో స్టేషన్) యాంటెన్నా మళ్లీ బాగా పనిచేస్తోంది. ఇది 40 మీటర్ల బ్యాండ్‌ది, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలకు. 400 వాట్లు పెట్టినా, రేడియో పవర్‌ను పెంచే యాంప్లిఫయర్ ట్రిప్ కావడం లేదు. ఇందుకు కారణమైన వాళ్లకు ఫోన్లో చెప్పిన థాంక్స్ చాలదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ఎండలు ముదిరినప్పటి నుంచి ఒకటే టెన్షన్. పొద్దున్నే చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ యాంటెన్నాలోకి ఎంత సాఫీగా పోతోందో చెప్పే కొలత, 1 అయితే ఏమీ వెనక్కి రానట్టు) 1.8 దగ్గర కదలకుండా ఉండేది. మధ్యాహ్నం మాట్లాడటం మొదలుపెట్టిన కాసేపటికే 2 దాటి 3 వైపు పోయేది, యాంప్లిఫయర్‌లోని ప్రొటెక్షన్ పవర్ కోసేసేది. రేడియో ఒక్కటే 100 వాట్లతో వాడితే ఏ ఇబ్బందీ లేదు. ఎస్‌డబ్ల్యూఆర్ 2 ఉంటే పంపిన పవర్‌లో 11 శాతం, 3 ఉంటే 25 శాతం వెనక్కి తిరుగుతుంది. 400 వాట్ల మీద పావు వంతంటే 100 వాట్లు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ అంత దెబ్బకు తట్టుకోలేదు.

అడిగిన వాళ్లలో ఎక్కువ మంది ట్యూనర్ (రేడియోకు కనిపించే ఎస్‌డబ్ల్యూఆర్‌ను తగ్గించే పెట్టె) పెట్టమన్నారు. రేడియో లోపలి ట్యూనర్ యాంప్లిఫయర్‌కు ముందే ఉంటుంది కాబట్టి, అవతల యాంటెన్నా వైపు జరిగేదాన్ని అది సరిచేయలేదు. యాంప్లిఫయర్ తర్వాత పెట్టే పెద్ద ట్యూనర్ కొనడానికి దాదాపు సిద్ధపడ్డాను. అప్పుడు ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. జనరల్ గ్రేడ్ హామ్ లైసెన్స్ మీద ఏళ్ల తరబడి మాట్లాడుతున్న మనిషి. "కొనేది తర్వాత చూస్తాం, ముందు తప్పు యాడుందో పట్టుకుందాం పా" అని, ఆదివారం పొద్దున్నే నూనె డబ్బాలో ముంచిన డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు తగిలిస్తే పవర్‌ను వేడిగా మింగేసే పరికరం) మోసుకుని బస్సు దిగారు.

ఆయన వెతికిన పద్ధతి అందరికీ పనికొస్తుంది. మొదట డమ్మీ లోడ్‌ను యాంప్లిఫయర్ వెనకే తగిలించారు. నిండు పవర్‌లోనూ మీటరు ముల్లు కదల్లేదు, అంటే యాంప్లిఫయర్ మంచిదే. తర్వాత డబ్బాను మిద్దె మీదికి మోసుకెళ్లి కోయాక్స్ (యాంటెన్నాకు పోయే కేబుల్) చివర కలిపారు. అప్పుడూ కదల్లేదు. కేబులూ కనెక్టర్లూ మంచివే. ఇక మిగిలింది బాలున్ (కేబులూ యాంటెన్నా కలిసే చోట, కేబుల్ బయటి పొర మీద కరెంటు పారకుండా అడ్డుకునే చోక్), యాంటెన్నా. ఎవరైనా స్తంభం ఎక్కే ప్రతిసారీ, పొరపాటున ఎవరూ పవర్ పంపకుండా ఆయన మైకు పీకి తన చొక్కా జేబులో పెట్టుకునేవారు. అది చూసి నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

మధ్యాహ్నం రెండు గంటలకు నాలుగైదు నిమిషాలు మాట్లాడి ఆపాక, కేబుల్ టీవీ పనిచేసే మా వీధి తమ్ముడు పైకెక్కి బాలున్ పెట్టె ముట్టుకుని వెంటనే చెయ్యి తీసేశాడు. నల్ల పెట్టె. మా ఊరి మే నెల ఎండకు ముందే బాగా వేడెక్కి ఉంటుంది, దానికి 400 వాట్ల వేడి తోడైంది. ఫెర్రైట్ కోర్ ఒక హద్దు దాటి వేడెక్కితే దాని అయస్కాంత గుణం పడిపోతుంది, చోక్‌గా పనిచేయడం మానేస్తుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం చెడటానికి కారణం అదే. పెద్ద ట్యూనర్ పెట్టి ఉంటే మీటరు 1.1 చూపించేది, పైన బాలున్ మాత్రం కాలుతూనే ఉండేది.

సార్ తన దగ్గరున్న రెండు పెద్ద 31 మిక్స్ (ఒక రకం ఫెర్రైట్) కోర్లు జత చేసి, టెఫ్లాన్ కోయాక్స్ చుట్టి కొత్త చోక్ చేశారు. తెల్ల పెట్టెలో, గాలి ఆడేలా కింద రంధ్రాలు పెట్టి బిగించాం. కోర్లకు డబ్బులు ఎంత అడిగినా తీసుకోలేదు.

అసలు 1.8 ఎందుకుందన్నది ఇంకో సంగతి. మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ తన నానో వీఎన్ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో బాగా పనిచేస్తుందో చూపే చిన్న పరికరం) తెచ్చి కలిపితే డిప్, అంటే ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తక్కువుండే చోటు, 6.95 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. పక్కింటి మిద్దె మీద రేకుల షెడ్డు వేశాక కిందికి జరిగినట్టుంది. ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారంలో కట్టిన మా తీగ యాంటెన్నా) రెండు చేతులనూ చెరో ఎనిమిది అంగుళాలు కత్తిరించకుండా వెనక్కి మడిచి కట్టాం. డిప్ 7.1కు వచ్చింది, ఎస్‌డబ్ల్యూఆర్ 1.2. మన దేశంలో 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 దాకా కాబట్టి నడిమధ్యన కూర్చుంది.

షెడ్డు వేసిన పక్కింటి అక్కే యాంటెన్నా కొసను వాళ్ల పిట్టగోడకు దూరంగా కట్టుకోవడానికి చోటిచ్చింది, అందరికీ చెంబు నిండా మజ్జిగ పంపింది. అక్కా, నీకూ చాలా థాంక్స్. తమ్ముడూ, ఆ ఎండలో నువ్వు అన్నిసార్లు ఎక్కి దిగకపోతే ఇది తేలేదే కాదు. లెక్చరర్ గారికి నమస్కారం. సార్, మీరు ఆ రోజు బస్సెక్కి రాకపోతే నేను తప్పును దాచిపెట్టే పెట్టె కొని, యాంటెన్నా బాగైందనుకునేవాణ్ని.

డమ్మీ లోడ్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. జిల్లాలో ఎవరికి అవసరమైనా ఇవ్వమని సార్ చెప్పి వెళ్లారు. కావలసిన వాళ్లు వచ్చి తీసుకెళ్లండి, మిద్దె మీదికి మోయడానికి నేనూ వస్తాను.

అందరికీ 73 (హామ్ భాషలో శుభాకాంక్షలు).