మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం.

వినాయక చవితికి తొమ్మిది రోజులూ ప్రసాదం వండిపెట్టిన మహిళా సభ్యులకు, బతుకమ్మకు మైదానం చదును చేయించిన రెండో వీధి వారికి, హాలు కరెంటు బిల్లు రెండు నెలలు తన జేబులోంచి కట్టిన కోశాధికారి గారికి, కుర్చీలు అద్దె లేకుండా ఇచ్చిన టెంట్ హౌస్ తమ్ముడికి సంఘం తరఫున కృతజ్ఞతలు. పార్కులో మొక్కలు నాటాం, చాలావరకు బతికాయి. వీధి దీపాల కోసం నాలుగు అర్జీలు ఇచ్చాం. వెళ్లిన ప్రతిసారీ ఆఫీసరు గారు సీట్లో లేరన్నారు. చివరి వీధిలో ఆడపిల్లలు ఇప్పటికీ చీకట్లోనే ట్యూషన్ నుంచి వస్తున్నారు. ఈ విషయంలో నాకు చాలా కోపంగా ఉంది.

ఇక మన క్విజ్ బజర్ సంగతి. దీన్ని కొంచెం వివరంగా రాస్తున్నాను, సభ్యులు ఓపిగ్గా చదవాలి.

ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి నాడు, తెలుగు భాషా దినోత్సవానికి పిల్లల క్విజ్ పెట్టాం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో మన పిల్లలే బజర్ చేశారు. నాలుగు జట్లు, నాలుగు బటన్లు. ముందు నొక్కిన జట్టు లైటు వెలుగుతుంది. రెండో రౌండులో ప్రశ్న సగం చదవకముందే మూడో జట్టు లైటు వెలిగింది. తొందరపడ్డారని మైనస్ వేశాం. మళ్లీ వెలిగింది, మళ్లీ మైనస్. మూడోసారి ఆ జట్టులోని తొమ్మిదో తరగతి అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి "సార్, నేను ముట్టుకోలేదు" అంది. ఆ చేతులు అలా పైన ఉండగానే లైటు వెలిగింది. పోటీ అక్కడే ఆపేసి ఫలితం రద్దు చేశాం. ఆ జట్టు పిల్లలకు సంఘం తరఫున ఈ సభలో క్షమాపణ చెబుతున్నాను.

బటన్లే పాడయ్యాయనుకుని కోఠి గుజరాతీ గల్లీ నుంచి కొత్తవి తెచ్చి మార్చాం. తేడా లేదు. బటన్ నొక్కినప్పుడు లోపలి రేకు ఒక్కసారిగా అతుక్కోదట, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతుందట. దాన్ని బౌన్స్ అంటారు. పిల్లలు ప్రోగ్రాంలో బౌన్స్ టైమ్ 200 మిల్లీసెకన్లు పెట్టారు. ఒక నొక్కుడు రెండుగా లెక్కకు రావడం ఆగింది గానీ, ఎవరూ నొక్కకుండా వెలగడం ఆగలేదు. ఆ సెట్టింగు మొదటి నొక్కుడును ఒప్పుకుని, వెంటనే వచ్చేవాటినే వదిలేస్తుంది. మనకు వచ్చే దొంగ నొక్కుడే మొదటిది. ఇంక దాన్నెలా ఆపుతుంది?

అసలు సంగతి పట్టుకున్నది మూడో వీధి రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్ గారు. ఒక ఆదివారం ఆయన బోర్డు ముందు కూర్చుని, ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని చెప్పి, హాల్లో పెడెస్టల్ ఫ్యాన్ స్విచ్ వేయించారు. టక్కుమంది, మూడో లైటు వెలిగింది. ఫ్యాన్ ఆపించారు. మళ్లీ వెలిగింది. ఆ జట్టు బల్ల దాకా వెళ్లే ఎనిమిది మీటర్ల తీగ, ఫ్యాన్ వైరు పక్కనే నేలమీద పడి ఉంది.

అప్పుడు ప్రోగ్రాం తెరిచి చూస్తే పుల్‌అప్ అనేది పెట్టే మాటే లేదు. మన బటన్ నొక్కితే పిన్ (బోర్డు మీద బటన్ తీగ తగిలించే కాలు) గ్రౌండుకు, అంటే సున్నా వోల్టులకు, కలుస్తుంది. నొక్కనప్పుడు ఆ పిన్‌ను 3.3 వోల్టుల వైపు పట్టి ఉంచేది ఏదో ఒకటి ఉండాలి, పుల్‌అప్ అంటే అదే. అది లేకపోతే పిన్ దేనికీ కట్టుబడకుండా ఉంటుంది, పొడవాటి తీగ ఏంటెనాలాగా పనిచేస్తుంది, స్విచ్ దగ్గర రేగిన నిప్పురవ్వ కూడా దానికి నొక్కుడులాగే కనిపిస్తుంది. బోర్డు లోపలి పుల్‌అప్‌ను ఆన్ చేశాం. ఇంట్లో బల్లమీద, చిన్న తీగలతో, బాగా పనిచేసింది. హాల్లో మళ్లీ పాత కథే. లోపలి పుల్‌అప్ దాదాపు 50 కిలోఓమ్‌లు. ఓమ్‌లు ఎక్కువైతే పట్టు తక్కువ, అంత పొడవు తీగకు ఆ పట్టు చాలదు.

కాబట్టి ఒక్కో బటన్‌కు బయటి నుంచి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ (గోధుమ, నలుపు, నారింజ చారలది) పిన్‌కు, 3.3 వోల్టులకు మధ్య పెట్టాం. పిన్‌కు, గ్రౌండుకు మధ్య 104 అని రాసి ఉండే (0.1 మైక్రోఫారడ్) చిన్న కెపాసిటర్ వేశాం, క్షణంలో వచ్చిపోయే అదుర్లను అది మింగేస్తుంది. ప్రతి బటన్ తీగను దాని గ్రౌండు తీగతో జడలా మెలిపెట్టి, కరెంటు వైర్లకు దూరంగా గోడ వెంట తిప్పాం. ప్రోగ్రాంలో కూడా, నొక్కుడు వచ్చిన క్షణాన్ని రాసుకుని, 20 మిల్లీసెకన్ల తర్వాత కూడా పిన్ గ్రౌండుకు కలిసే ఉంటేనే లెక్కలోకి తీసుకునేలా మార్చారు. సమయం మొదటి క్షణానిదే కాబట్టి ఎవరు ముందన్నది మారదు. సామాను ఖర్చు రెండు వందల రూపాయలు కూడా కాలేదు.

జనవరి 26న అదే హాల్లో, ఫ్యాన్లన్నీ వేసి, మైకు పెట్టి క్విజ్ నడిపాం. 40 ప్రశ్నల్లో ఒక్క దొంగ నొక్కుడు కూడా లేదు. ఆ అమ్మాయి జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఆ పిల్లలకు, ఇన్‌స్పెక్టర్ గారికి ఈ రోజు శాలువా కప్పుతున్నాం.

ఒక మాట చెప్పక తప్పదు. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వాళ్లు 12 మంది. టంకం పెట్టిన ఆ ఆదివారాల్లో వచ్చింది ముగ్గురే. మిగతావాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు. పిల్లలు రాత్రి 10 దాకా పనిచేస్తుంటే వాళ్లను ఇళ్లకు దింపడానికి కూడా మనిషి లేకపోయాడు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ గారి సంతకంతో చివరి పేజీలో జతచేశాం. ఇంకా 31 ఇళ్ల చందా రావాలి, దయచేసి ఈ నెలలోనే కట్టండి.

బజర్ పెట్టె లైబ్రరీ బీరువాలో ఉంది, తాళం నా దగ్గర ఉంది. ఏ బడి అడిగినా ఇస్తాం. తీసుకెళ్లేవాళ్లు పిన్లకు 5 వోల్టులు తగలనివ్వకూడదు, బోర్డు పాడైపోతుంది. ఈ సంగతి మూతమీద ఎర్ర ఇంకుతో రాసిపెట్టాం.

ఇట్లు,
కార్యదర్శి