నీ కుక్కలతో టోబర్‌నాల్ట్‌కి

చిట్టితల్లీ,

రెండు నెలలే అని చెప్పి నీ కుక్కల్ని మా నెత్తిన పెట్టి డబ్లిన్ వెళ్ళావు. ఇది ఆరో నెల. ఆదివారం మీ అమ్మ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంది. రెండూ తలుపు గోకుతుంటే ఇక తప్పక టోబర్‌నాల్ట్‌ పవిత్ర ఊట వైపు తీసుకెళ్ళాను. చెట్ల కింద అడవి వెల్లుల్లి విరగబూసింది. బ్రౌనీగాడు అందులో పడి పొర్లాడు. వచ్చేటప్పుడు కారంతా చారుకి పోపు పెట్టిన వాసన!

ఊట దగ్గరికి రాగానే రెండింటికీ తాళ్ళు వేశాను. ఒక పెద్దావిడ జపమాల చెప్పుకుంటోంది. చెట్టుకి కట్టిన పేలికల్లో ఈసారి పసిపిల్లల సాక్సు ఒకటి వేలాడుతోంది. ఎవరి బిడ్డకి ఏమైందో.

చిన్నప్పుడు అక్కడి పూజ రాయి మీద బిస్కెట్లు పెట్టి నా చేత తిట్లు తిన్నావు, గుర్తుందా? ఎందుకు తిట్టానో అప్పుడు చెప్పలేదు. 1697లో ఇక్కడి ప్రొటెస్టెంట్ పాలకులు చట్టం చేసి కేథలిక్ బిషప్పుల్నీ మఠాల ఫాదర్లనీ దేశం వదిలి పొమ్మన్నారు. వెళ్ళి తిరిగొస్తే రాజద్రోహమే. తర్వాత ఇంకో చట్టంతో మిగతా ఫాదర్లు పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. 1709లో వాళ్ళని ఒక ప్రమాణం కూడా చెయ్యమంటే చాలామంది ఒప్పుకోలేదు. దాంతో వాళ్ళు పూజ చేస్తే నేరం. అందుకే ఇలా చెట్ల చాటున, రాయే పీఠంగా. జనం మోకరిల్లితే ఒకరు బయట నిలబడి సిపాయిలొస్తున్నారేమోనని చూసేవారట.

గుణదల తిరునాళ్ళలో మైకులూ, తలనీలాలూ, కొబ్బరికాయల మధ్య పెరిగినవాణ్ణి. దాక్కుని దండం పెట్టుకోవడం నాకెలా తెలుస్తుంది? అక్కడికెళ్ళినప్పుడల్లా నా ధ్యాసంతా ఆ కాపలా మనిషి మీదే. పూజకొచ్చి పీఠానికి వీపు పెట్టి నిలబడాలి. సత్ప్రసాదం అతనికి ఎవరైనా తెచ్చిచ్చేవారో లేదో.

నేను కళ్ళు మూసుకున్నానో లేదో నల్లది మొరిగింది. చూస్తే అది రాయికి వీపు పెట్టి, చెవులు నిక్కబొడుచుకుని దారివైపు కూర్చుంది. వచ్చింది జాగింగ్ చేసే కుర్రాడు. పెద్దావిడ నవ్వేసింది. నేను సారీ చెప్పాను కానీ దాన్ని తిట్టలేదు.

జులై చివరి ఆదివారం అక్కడ పొద్దున్నే పూజ ఉంటుంది. ముందురోజు రాత్రికే రా. నీ కుక్కల్ని నువ్వే పట్టుకోవాలి.

నాన్న