కడపత్త డబ్బా

నాన్నా చిన్నీ,

"కడపలో బిర్యానీ తప్ప తినడానికేముందమ్మా" అని నిన్న ఫోన్లో అన్నావు చూడు, ఆ మాటకి నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్తే "ఊఁ, ఊఁ" అంటూ ల్యాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

1994 జూన్‌లో నేనూ ఇదే మాట అన్నాను. బ్యాంకులో మొదటి పోస్టింగ్. రాజమండ్రి నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక ఆవకాయ జాడీతో కడపలో దిగాను. బస్టాండు దగ్గర ఒక మెస్‌లో నెలకి మాట్లాడుకున్నాను. పేరు ఎందుకులే, వాళ్ల సాంబారు తిన్నన్నాళ్లూ కడుపులో మంటే. చివరికి మజ్జిగన్నం మీద పడ్డాను. ఒకరోజు మధ్యాహ్నం పక్క కౌంటర్ క్యాషియర్ నా గిన్నెలోకి తొంగి చూసి, "ఏమ్మే, జరమొచ్చినోళ్లు తిన్నెట్టు తింటాండావే?" అంది. మనింట్లో కడపత్త అంటామే, ఆవిడే. పుట్టింది, పెరిగింది, చదివింది అన్నీ అక్కడే. ఆ సాయంత్రమే తన లూనా మోపెడ్ మీద నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని ఏడు రోడ్ల కూడలి వైపు తీసుకెళ్లింది.

మొదట కారం దోసె. ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డలు అంటే మన ఉల్లిపాయలు, తెల్లగడ్డలు అంటే వెల్లుల్లి, ఉప్పేసి మెత్తగా నూరిన ఎర్రకారం. దాన్ని పెనం మీద దోసె కాలుతుండగానే గరిటెతో అంచులదాకా పూసి, పైన పప్పుల పొడి, అదే పుట్నాల పొడి, చల్లుతారు. నేను గోదావరి మర్యాదతో "కొంచెం కారం తక్కువ వెయ్యండి" అన్నాను. దోసెలాయన అట్లకాడ ఆపి నా వంక చూసి, "కారం తగ్గిస్తే అది కారం దోసెట్లయితాదమ్మా?" అన్నాడు. కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నాను. మంట సంగతి అటుంచితే, నోట్లో మిగిలేది వెల్లుల్లి వాసన, వేయించిన పప్పుల కమ్మదనం. ఆ పొడి లేకపోతే ఎర్రకారం నిలబడదురా. నువ్వు యాప్‌లో తెప్పించుకున్నది అరగంట అట్టపెట్టెలో ఉడికి, మెత్తబడి, తడిగుడ్డలా నీ దగ్గరికొస్తుంది. అది తిని కడపకి మార్కులు వేయకు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. ఎక్కడా ఇద్దరికి రెండు ప్లేట్లు చెప్పనిచ్చేది కాదు. ఒకటే చెప్పి సగం సగం. నేను ఇంకోటి అడగబోతే, "ఒగ తావునే కడుపు నింపుకుంటే మిగతా తావులకేం పెడతావ్ మే?" అనేది. అలా ఒక్క సాయంత్రంలో నాలుగు చోట్లు తిరిగేవాళ్లం.

అప్పట్లో ఆడవాళ్లు బండి దగ్గర నిలబడి తినడం పెద్దగా లేదు. ఇప్పుడు నీకది అర్థం కాదు. ఆవిడ తన లూనాని ఆ తిండి బండికి పది అడుగుల దూరంలో ఆపి, దిగకుండానే చెయ్యెత్తేది. కుర్రాడు ప్లేటు అక్కడికే తెచ్చేవాడు. ఎవరైనా అదే పనిగా చూస్తే, ఆవిడా అంతే పనిగా చూసేది, ముందు వాళ్లే తల తిప్పుకునేదాకా. నేను మాత్రం చీర కొంగు సర్దుకుంటూ చచ్చేదాన్ని. మూడో నెలకి నేనూ చూడ్డం నేర్చుకున్నాననుకో.

ఉగ్గాని మాత్రం పొద్దున్నే తినాలి, గుర్తుంచుకో. బొరుగులంటే మన మరమరాలే. నీళ్లలో ముంచి వెంటనే పిండేసి, పసుపు, పచ్చిమిర్చి ముద్ద, ఎర్రగడ్డలతో వేసిన తిరగమోతలో కలిపి, పప్పుల పొడి, నిమ్మరసం వేస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ ఉండాల్సిందే. విడిగా తింటే రెండూ మామూలే, బజ్జీ తుంచి ఉగ్గానితో కలిపి నోట్లో పెట్టుకున్నప్పుడు చూడు. మనవైపు మరమరాలంటే పిల్లల తిండి కదా, టిఫిన్ అంటే మొదట నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆవిడకి నచ్చలేదు, రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

అన్నిటికంటే చెప్పాల్సింది సంగటి. అది హోటల్లో తినకు. తిన్నా, వాళ్లింట్లో తిన్న తర్వాతే తిను. వాళ్లమ్మగారు కాసిని బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, మీద రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి మగ్గనిచ్చేవారు. తర్వాత గిన్నెని కింద పెట్టి, రెండు పాదాలతో అదిమి పట్టి, కట్టెతో గెలికేవారు. అరవై ఏళ్ల మనిషి, ఒక్క ఉండ కట్టేది కాదు. తడి చేత్తో ముద్దలు చేసి కంచంలో పెట్టి, నడుమ గుంత చేసి నెయ్యి వేసి, పక్కన నాటుకోడి పులుసు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని బుద్ధిగా నములుతున్నాను. నమిలిన కొద్దీ అంటుకుపోతోంది. ఇల్లంతా నవ్వులే. "నమలగూడదు పాపా, పులుసులో అద్ది మింగాల" అన్నారావిడ. అన్నం తినే చేతికి ఇది తెలియదు, గొంతు నేర్చుకోవాలి. కోడి లేని రోజున చెనిక్కాయల ఊరిబిండి చాలు. చెనిక్కాయలంటే వేరుశెనగ్గుళ్లు. వాటిని ఎండుమిర్చి, చింతపండుతో రోట్లో కచ్చాపచ్చాగా నూరుతారు. నాకు ఇప్పటికీ కోడికంటే అదే ఎక్కువ.

బ్రౌన్ దొర 1820లో ఉద్యోగానికొచ్చిన ఊరది. ఎర్రముక్కపల్లెలో ఆయన పేరున గ్రంథాలయం ఉంది, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లు. ఆయన నిఘంటువులో 'సంకటి' మాట ఉంది. నమిలాడో మింగాడో మాత్రం రాయలేదు.

ఉగాది నాడు తెల్లవారుజామునే కడపత్త నన్ను దేవుని కడపకి లాక్కెళ్లింది. వెంకటేశ్వరస్వామి గుళ్లో వరసలో నా ముందు బురఖాలో ఉన్న ఆడవాళ్లు, చేతుల్లో కొబ్బరికాయలు. నేను తెల్లబోయి చూస్తుంటే, "బీబీ నాంచారి వాళ్లింటి బిడ్డ కదా, పండగ పూట అల్లుణ్ణి చూడ్డానికి రారా?" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు. ఇంటికొచ్చాక ఓళిగలు. మన బొబ్బట్లే, కానీ బొబ్బట్లు అంటే వాళ్లమ్మగారు ఊరుకునేవారు కాదు.

మే నెల వస్తోంది, నీకు ఎండ కొత్త. చుట్టూ కొండలు, ఊరు మధ్యలో బాణలిలా కాగుతుంది. ఏ కూల్‌డ్రింకూ వద్దు, నన్నారి షర్బత్ తాగు. అడవి వేరుతో చేసిన పాకం, నిమ్మకాయ, చల్లటి నీళ్లు, అంతే. రాత్రి భోజనం బరువైతే చెన్నూరు తమలపాకు రెండు వేసుకో. చలికాలం దాకా నువ్వక్కడుంటే అనపగింజలు నానబెట్టి, తోలు పితికేసి చేసే పితికిపప్పు కూర దొరుకుతుంది. అది ఒలిచే ఓపిక నాకు లేదు, ఇక్కడ చెయ్యమని అడక్కు.

మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ నన్ను డబ్బులివ్వనివ్వలేదు. గట్టిగా పట్టుబడితే, "మీ ఊరొచ్చినప్పుడు చూసుకుందాంలే" అనేది. ఇంతవరకూ రాలేదు. ఒకసారి టికెట్లు కూడా తీసుకుంది, వాళ్లమ్మగారికి బాగాలేక ఆగిపోయింది.

1997లో నాకు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు దారిలో తినడానికి ఊరిబిండి ఒక స్టీలు డబ్బాలో పెట్టిచ్చింది. మూత మీద వాళ్లమ్మగారి పేరు కొట్టించి ఉంటుంది. మన వంటింట్లో ఆవాలు పోసేదాన్ని, నువ్వు చిన్నప్పుడు గరిటెతో వాయించేవాడివి. నీకంటే వయసులో పెద్దది. నీ పెద్ద బ్యాగులో అడుగున, దుప్పటి కింద పెట్టాను, చూసి ఉండవు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని అందులో పూతరేకులు పెట్టాను. చీమలు పట్టకముందే తీసుకెళ్లు.

ఆదివారం పొద్దున ఏడింటికల్లా వెళ్లు, టిఫిన్ తిని మాత్రం వెళ్లకు. చిరునామా ఫోన్లో పంపిస్తా. లూనా ఎప్పుడో అమ్మేసింది, మోకాళ్లు కూడా నొప్పులట. కాబట్టి ఆవిడని నీ బండి వెనకాల కూర్చోబెట్టుకుని మెల్లగా నడుపు, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపు. ఈసారైనా డబ్బులు నువ్వియ్యి. పర్సు తియ్యనివ్వదు, ముందే ఇచ్చెయ్.

మీ అమ్మ