కొడుకు వెళ్లాడు సరే, ఆట మారుతుందా?

జనవరి 2024

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ విదేశీ తెలుగువారి పేజీలో సంఘాల ఎన్నికలు, సంక్రాంతి ముగ్గుల పోటీల ఫొటోలు తప్ప ఇక్కడి మనవాళ్లు శీతాకాలమంతా మాట్లాడుకునే ఇంకో విషయం ఎప్పుడూ కనపడదు, అది కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్). చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఒక్క సీజన్ చూస్తే చాలు, ఇక వదలరు. నేను చదివింది యూనివర్సిటీ ఆఫ్ అయోవాలో, ఉద్యోగం కూడా పక్క ఊళ్లోనే, కాబట్టి మా హెడ్ కోచ్ కొడుకును పదవి నుంచి తప్పించినా మా జట్టు ఆట మారదేమోనన్న నా కడుపుమంట కాస్త మీ పేజీలో వెళ్లగక్కుతున్నాను, ఏమీ అనుకోకండి.

2024 జనవరి 1న ఆర్లాండోలో, సీజన్ చివర ఆడే సిట్రస్ బౌల్ మ్యాచ్‌లో, టెన్నెసీ మమ్మల్ని 35-0తో ఓడించింది. దానికి నెల ముందు మేం ఆడే కాన్ఫరెన్స్ (యూనివర్సిటీ జట్ల లీగ్) బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ 26-0. సెప్టెంబర్‌లో పెన్ స్టేట్ 31-0. మూడు పెద్ద మ్యాచ్‌లు కలిపితే అవతలివాళ్లకు 92, మాకు గుండుసున్నా. పెన్ స్టేట్ మీద ఆట మొత్తానికి మావాళ్లు బంతిని ముందుకు తీసుకెళ్లింది 76 గజాలు. సీజన్ అంతా చూస్తే గజాల లెక్కలో దేశంలోని 133 పెద్ద జట్లలో మాది 133వ స్థానం. అంతకుముందు ఏడాది 131లో 130. అక్కడినుంచి కిందికి దిగడానికి కూడా ఓపిక కావాలి!

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఛాన్సులు. వెళ్లలేమనుకుంటే నాలుగోసారి బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకు ఇచ్చేయాలి, అదే పంట్. మా అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం) పద్ధతి ఏమిటంటే, మొదటిసారి మధ్యలోంచి పరుగు, రెండు గజాలు. రెండోసారి మళ్లీ మధ్యలోంచే పరుగు, ఒక గజం. మూడోసారి ఏడు గజాలు కావాలి కాబట్టి నాలుగు గజాల దూరంలో ఉన్నవాడికి పాస్. ఆ తర్వాత పంట్. స్టాండ్స్‌లో పక్కన కూర్చున్నవాళ్లు తర్వాతి ప్లే (ఎత్తుగడ) ఏమిటో ముందే చెప్పేస్తుంటారు, ఇక వారమంతా వీడియోలు చూసి వచ్చిన అవతలి డిఫెన్స్‌కి తెలియదా? మిగతా దేశమంతా ఆటగాళ్లను మైదానం అంతటా పరిచి, హడల్ (ప్రతి ప్లేకి ముందు గుమిగూడి మాట్లాడుకోవడం) లేకుండా వేగంగా ఆడుతూ, పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కూడా పరిగెత్తిస్తుంటే మాది టీ20లో టెస్ట్ బ్యాటింగ్, బౌలర్లే గెలిపిస్తారులే అన్న ధీమా.

నిజంగా బౌలర్లే గెలిపించారు కూడా, అదే చిక్కు. మా డిఫెన్స్ కోఆర్డినేటర్ ఫిల్ పార్కర్ దళానిది దేశంలో ముందు వరసే. పంటర్ టోరీ టేలర్, మెల్‌బోర్న్ కుర్రాడు, ఒక సీజన్‌లో తన్నిన గజాల్లో 1938 నాటి రికార్డును 2023లో బద్దలు కొట్టాడు. 'పంటింగ్ ఈజ్ విన్నింగ్' అని టీషర్టులు వేసుకు తిరుగుతారు మా ఊళ్లో జనం. నాకూ అతనంటే ఇష్టమే, కానీ జట్టులో అందరికంటే ఎక్కువ పని పంటర్‌కే పడిందంటే అది పొగడ్త కాదు కదా. 15-6, 10-7, 15-13, 13-10, ఇవీ మేం గెలిచిన స్కోర్లు. అలా పది మ్యాచ్‌లు గెలిచి బిగ్ టెన్‌లో మా డివిజన్ (పడమటి సగం) కూడా కొట్టాం, 'గెలుస్తున్నారుగా, ఇంకేం కావాలి' అని నోరు మూయించేవాళ్లకు ఆ పది చాలు. తక్కువ జట్ల మీద ఈ పద్ధతి నడుస్తుంది, ఎవరైనా రెండు టచ్‌డౌన్లు (ఒక్కోటి ఆరు పాయింట్లు) వేస్తే ఇక మా దగ్గర జవాబు లేదు. 2021 ఫైనల్లో ఇదే మిషిగన్ చేతిలో 42-3. ఏం మారింది?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. హెడ్ కోచ్ కర్క్ ఫెరెంట్జ్ 1999 నుంచి ఉన్నారు. 2017 నుంచి 2023 దాకా అఫెన్స్ కోఆర్డినేటర్, అంటే అఫెన్స్ నడిపే కోచ్, ఆయన కొడుకు బ్రయన్. వారసుల కథ తెలుగువాళ్లకు నేను చెప్పాలా! బంధువుల నియామకాల నిబంధనలకు అడ్డు రాకుండా కాగితం మీద కొడుకు తండ్రికి కాక అథ్లెటిక్ డైరెక్టర్‌కు (యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతికి) జవాబుదారీ అని రాసుకున్నారు. 2022లో మ్యాచ్‌కు సగటున 18 పాయింట్లు కూడా రాలేదని గొడవయ్యాక, 2023 కాంట్రాక్టులో జీతం 50 వేల డాలర్లు తగ్గించి, సగటు 25 పాయింట్లు, ఏడు విజయాలు రావాలని షరతు పెట్టారు. తమాషా ఏమిటంటే డిఫెన్స్ వేసిన పాయింట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. దాంతో టీవీల్లో, ఆఫీసుల్లో అందరూ 13 మ్యాచ్‌లకు 325 అని కూడికలు మొదలుపెట్టారు. చివరికి 25 ఎక్కడ, 15 దాటడానికే ఆయాసం. 2023 అక్టోబర్ 30న, సీజన్ నడుస్తుండగానే, తాత్కాలిక డైరెక్టర్ బెత్ గోయెట్జ్ వచ్చే ఏడాది బ్రయన్ ఉండరని ప్రకటించారు. ఆమెకు ధైర్యం ఉంది, ముందున్న డైరెక్టర్ చేయని పని చేశారు.

అందరూ పండగ చేసుకున్నారు కానీ నాకు నమ్మకం లేదు. క్వార్టర్‌బ్యాక్ కేడ్ మెక్‌నమారా మోకాలు సెప్టెంబర్ చివర్లోనే పోయింది, ఆ తర్వాత ఎవరున్నా కష్టమే, అది ఒప్పుకోవాలి. కానీ ఈ పాతికేళ్లలో మాకు అఫెన్స్ కోఆర్డినేటర్లు ముగ్గురే, కెన్ ఓకీఫ్, గ్రెగ్ డేవిస్, బ్రయన్. ముగ్గురి కాలంలోనూ ఇవే తిట్లు, ఇదే విసుగు. మారనిది తండ్రి ఆలోచన. బంతి పోగొట్టుకోకు, పంట్ చెయ్, డిఫెన్స్‌ను నమ్ము. ఆయన మంచి మనిషి, పిల్లల్ని తీర్చిదిద్దుతారు, నాకు గౌరవం ఉంది. ఏడాదికి సుమారు 70 లక్షల డాలర్ల కాంట్రాక్టు 2029 దాకా ఉంది కాబట్టి ఆయన్ని కదిపేవాళ్లూ లేరు. వచ్చే కోఆర్డినేటర్ ఎంత తెలివైనవాడైనా ఆయన గొంతుతోనే ప్లేలు చెప్పాల్సి వస్తే ఈ మార్పు ఎందుకు?

ఇక్కడివాళ్లకు పాయింట్లు చూడటం ఇష్టం లేదని కూడా కొందరంటారు. అక్టోబర్ 14న మా ఫుట్‌బాల్ జట్టు విస్కాన్సిన్ వాళ్ల మైదానంలో 15 వేసింది. మర్నాడే మా ఫుట్‌బాల్ మైదానం కిన్నిక్ స్టేడియంలో ఆరుబయట కోర్టు వేసి అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడారు, 55,646 మంది వచ్చారు, మా స్టార్ క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ జట్టు 94 కొట్టింది. అదే యూనివర్సిటీ, అదే జనం. మరి ఇష్టం లేనిది ఎవరికి?

2024 సీజన్ నుంచి బిగ్ టెన్‌లో డివిజన్లు ఉండవు. ఒరెగాన్, వాషింగ్టన్, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వస్తున్నాయి. 2024 జనవరి 8న జాతీయ ఫైనల్ ఆడబోతున్న మిషిగన్, వాషింగ్టన్ రెండూ ఇక మా కాన్ఫరెన్స్‌వే, 10-7తో బతికే రోజులు అయిపోయాయి. కాబట్టి ఈ నెలలో తీసుకోబోయే కోఆర్డినేటర్ ఈ ఇంటికి, ఈ వంశానికి సంబంధం లేని బయటివాడు కావాలి. ఇది ప్రభుత్వ యూనివర్సిటీ, టికెట్లు కొనే మాకు అడిగే హక్కుంది. గోయెట్జ్ గారు ఈసారి కాంట్రాక్టులో పాయింట్ల లెక్కలు పెట్టనక్కర్లేదు. శనివారం నాడు ప్లే ఎంచుకునే అధికారం ఎవరిదో, హెడ్ కోచ్ ఎక్కడిదాకా కలగజేసుకోవచ్చో రెండు వాక్యాల్లో రాసి బయటపెడితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, సీడర్ ర్యాపిడ్స్, అయోవా