మంత్రిగారూ, లక్కపిడతల మీద ఐఎస్ఐ ముద్ర ఏదని అడుగుతున్నారు

కేంద్ర వాణిజ్య, పరిశ్రమల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నాకు అనకాపల్లిలో చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉంది. బొమ్మలు, గాజులు, పుట్టినరోజు సామాన్లు, స్కూళ్లు తెరిచే రోజుల్లో లంచ్ బాక్సులు అమ్ముతాను. ఇరవై ఆరేళ్లుగా ఇదే బతుకు. మన దేశంలో తయారైన వస్తువులే కొనండి అని మీరూ, మీ ప్రభుత్వంలోని పెద్దలూ తరచూ చెబుతుంటారు. ఆ మాట విన్నవాళ్లు చివరికి వచ్చి నిలబడేది నాలాంటివాడి కొట్టు ముందే. అక్కడ ఏం జరుగుతోందో చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల ఒక సాయంత్రం అత్తాకోడళ్లు నాలుగేళ్ల పాపను వెంటబెట్టుకుని వచ్చారు. పాప పుట్టినరోజట. పెద్దావిడ చూపు నేరుగా పై అరలోని లక్కపిడతల మీదకు వెళ్లింది. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఊరి సరుకు. రోలు, రోకలి, తిరగలి, పొయ్యి, కుండ, దాని మీద మూత, వేలెడంత గరిటె. కిందికి దించి ఇచ్చాను. తిరగలి పైరాయిని వేలితో తిప్పి చూసి ఆవిడ నవ్వింది. "మా అమ్మ నూకాలమ్మ జాతరలో కొనిచ్చింది బాబూ, అచ్చం ఇలాటివే. ఎంతేటి?" అంది. 480 అన్నాను. పక్క అరలో ప్లాస్టిక్ కిచెన్ సెట్టు 160. ఆవిడ బేరం కూడా ఆడలేదు, కొంగుముడి విప్పబోయింది.

కోడలు మాత్రం ఫోన్ లైటు వేసి కుండ అడుగున, మూత కింద, రోలు లోపల వెతికింది. "అత్తయ్యా, ఆగండి. అంకుల్, వీటి మీద ఐఎస్ఐ మార్కు లేదేంటి? పిల్ల ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది."

ఇవి చేతివృత్తివాళ్లు చేసినవమ్మా, ప్రభుత్వమే వీటికి మినహాయింపు ఇచ్చింది అన్నాను. "మినహాయింపంటే టెస్టు చెయ్యలేదనేగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న ప్లాస్టిక్ సెట్టు కొనుక్కుని వెళ్లిపోయారు. పెద్దావిడ గుమ్మం దాటుతూ ఒకసారి వెనక్కి చూసింది.

ఆ అమ్మాయిని నేను తప్పు పట్టలేను. ముద్ర చూసి కొనమని ఆమెకు నేర్పింది మీ శాఖే. 2020 ఫిబ్రవరిలో బొమ్మల నాణ్యత ఉత్తర్వు తెచ్చారు, 2021 జనవరి 1 నుంచి అమలు చేశారు. ముద్ర లేని బొమ్మ అమ్మితే నేరం. అంతకుముందు 2019లో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దిగుమతి బొమ్మలను పరీక్షిస్తే మూడింట రెండు వంతులు తప్పాయి. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ బొమ్మలు అమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. దాచుకోవడానికేం లేదు, చెన్నై షావుకారుపేట నుంచి, హైదరాబాద్ బేగంబజార్ నుంచి చైనా సరుకు అట్టపెట్టెలకు అట్టపెట్టెలు తెచ్చి అమ్మాను. నా పిల్లల ఫీజులు ఆ డబ్బుతోనే కట్టాను. యాభై రూపాయలకు లైటు వెలిగి కూతపెట్టే కారు వస్తుంటే జాతరలో కూలి చేసుకునే మనిషి కొడుక్కి అది కొనివ్వకుండా ఇంకేం కొంటాడు? నేను ఇంకేం అమ్ముతాను?

కాబట్టి ఆ ఉత్తర్వు తప్పని నేను అనడం లేదు. 2021లో నా దగ్గర మిగిలిపోయిన ముద్ర లేని సరుకు అటక మీదే ఉండిపోయింది. ఆ నష్టం మింగేశాను. సుంకం సంగతీ అంతే. 20 శాతం ఉన్నదాన్ని 2020లో 60 చేశారు, 2023లో 70 చేశారు. 2018-19లో 371 మిలియన్ డాలర్లున్న బొమ్మల దిగుమతి 2021-22కి 110 మిలియన్లకు దిగిందని మీ ప్రభుత్వమే చెప్పింది. అబద్ధం కాదు, నా అరలు చూసినా తెలుస్తుంది. చైనా పెట్టెలు పోయాయి. వాటి చోట ఢిల్లీ నుంచి వచ్చే ప్లాస్టిక్ పెట్టెలు కూర్చున్నాయి.

కూర్చున్నది అవే. ఏటికొప్పాక బొమ్మ ఉన్న అర అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

నా అసలు బాధ ఇదే. విదేశీ సరుకు మీద మీరు కట్టిన గోడ నీడ ఢిల్లీ ఫ్యాక్టరీదాకా పడింది గానీ వరాహ నది ఒడ్డుదాకా రాలేదు. ఆ ఫ్యాక్టరీల్లోనూ మన పిల్లలే పనిచేస్తారు, వాళ్లకు పని దొరికినందుకు నాకు సంతోషమే. అయితే సుంకం 70 శాతానికి పెంచినప్పుడు ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలను ఆ పెంపులో కలపలేదు. మోటారూ చిప్పూ బయటి నుంచి తెచ్చి ఇక్కడ డొప్పలో బిగించినా ఆ బొమ్మ మనదే అవుతుంది. ఏటికొప్పాక బొమ్మలో బిగించడానికి ఏముంది? కర్ర, లక్క, పసుపు, నీలి, జాఫ్రా గింజలు. ఇంతకంటే స్వదేశీ వస్తువు మీకు ఎక్కడ దొరుకుతుంది?

అది ఎందుకు 480 అవుతుందో కూడా చెప్పనివ్వండి. కొనేవాళ్లకు చెప్పే తీరిక ఉండదు, మీకైనా చెబుతాను. బొమ్మకు అంకుడు కర్ర కావాలి. మెత్తగా, తెల్లగా, పగలకుండా ఉంటుంది. కొట్టిన కర్రను ఎండనిచ్చి, ముక్కలు కోసి, లేతు మిషను మీద బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే ఉలితో ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. బ్రష్షు ఉండదు, డబ్బా ఉండదు. చివర్లో ఎండిన మొగలి ఆకు మడతపెట్టి గట్టిగా ఒత్తుతారు. అంతవరకు మసకగా ఉన్న ఎరుపు ఒక్కసారి నిగనిగలాడుతుంది. నేను పదిసార్లు చూసుంటాను, ఆ ఆకు ఒత్తే క్షణం వచ్చేసరికి పదిసార్లూ ముందుకు వంగాను. ఇలా ఒక్క సెట్టులో ఒక్కో ముక్కకూ చెయ్యాలి. చిన్న గరిటెకూ కుండకూ పట్టే శ్రమలో పెద్ద తేడా ఉండదు. ప్లాస్టిక్ సెట్టు అచ్చులో పోస్తే నిమిషంలో వస్తుంది. ఈ రెండింటికీ ధరలో పోటీ పెట్టి ఎవరు గెలుస్తారో చూద్దాం అనడం న్యాయం కాదు.

పైగా ఆ కర్ర ఇప్పుడు దొరకడం లేదు. చుట్టుపక్కల కొండల్లో అంకుడు పలచబడింది. దూరం నుంచి తెచ్చుకోవాలి, దారిలో ఏ చెక్‌పోస్టులో ఎవరేమంటారో అని టెన్షన్. నాకు సరుకిచ్చే ముసలాయన ఒకమాట అంటాడు: "బొమ్మ చేసేటప్పుడు భయముండదు బాబూ, దుంగ తెచ్చేటప్పుడే గుండె దడ." కర్ర ఆలస్యమైతే నా ఆర్డర్ ఆలస్యమవుతుంది. సంక్రాంతి బొమ్మల కొలువుకని అడిగిన సరుకు శివరాత్రికి వచ్చిన ఏడు కూడా ఉంది. అడవి మీ శాఖ కిందికి రాదని తెలుసు. కానీ బొమ్మల జాతీయ కార్యాచరణ ప్రణాళికలో డజనుకు పైగా మంత్రిత్వ శాఖలను కూర్చోబెట్టింది మీరే కదా. ఆ కుర్చీల్లో ఒకదానికి అంకుడు మొక్కల పని అప్పగించవచ్చు. కాలవ గట్లు, పంచాయతీ బంజర్లు ఉన్నాయి. పెట్టిన మొక్క ఇంకొకరి పేరున కాకుండా బొమ్మలు చేసేవాళ్ల సంఘం పేరున ఉంటే ఆ ముసలాయన గుండె దడ కొంచెం తగ్గుతుంది.

ఇక నాకు బాగా కోపం తెప్పించిన సంగతికి వస్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఆఫీసువాళ్లు అంగన్‌వాడీలకు ఆటవస్తువులు కావాలని కొటేషన్లు అడిగారు. ఏ ఆఫీసో చెప్పను. ఉత్సాహంగా లక్కపిడతలు, బొంగరాలు, తోపుడు బండి నమూనాలు మూటగట్టుకుని వెళ్లాను. అధికారి అన్నీ బల్ల మీద పెట్టించుకున్నాడు. బొంగరం తిప్పాడు. అటెండర్‌ను పిలిచి చూపించాడు. "చాలా బాగున్నాయండీ. కానీ ఎల్-1 మీరు కాదు, ఏం చెయ్యలేం" అన్నాడు. అంటే అందరికంటే తక్కువ ధర రాసినవాడికే ఆర్డరు. సరేనని మూటగట్టుకుంటుంటే, "మా మనవరాలికి ఒక సెట్టు ఇచ్చి వెళ్లండి, డబ్బులిస్తాను" అన్నాడు. పైసా తగ్గించకుండా ఇచ్చాడు కూడా, మంచివాడు. ఆయన మనవరాలికి ఏటికొప్పాక బొమ్మ, అంగన్‌వాడీ పిల్లలకు ప్లాస్టిక్. ఆయన్ను అననక్కర్లేదు. రూల్ అలా ఉంది.

మంత్రిగారూ, ధర చూడకండి, దేశాన్ని చూడండి అని నా కొట్టుకొచ్చే మనిషికి చెబుతారు. ఆ మనిషి నెల జీతంలోంచి తీసి ఇచ్చే డబ్బు అది. మీ డబ్బు ఖర్చుపెట్టే దగ్గరికి వచ్చేసరికి ధర తప్ప ఇంకేం చూడరు. 320 రూపాయలు ఎక్కువ పెట్టమని ఆ కోడలిని అడిగే హక్కు మీకుందా? ఆంధ్రప్రదేశ్‌లోనే 55 వేలకు పైగా అంగన్‌వాడీలున్నాయి. ఒక్కో దానికి ఏడాదికి ఒక్క లక్కపిడతల సెట్టు కొనాలన్నా ఏటికొప్పాక ఊరు ఊరంతా పగలూ రాత్రీ లేతు తిప్పినా సరిపోదు. అందుకే ఒకేసారి అన్నీ కొనమనడం లేదు. ఒక జిల్లాతో మొదలుపెట్టండి. ఆ జిల్లా టెండరులో ఎల్-1 మాట తీసెయ్యండి. కొండపల్లి వాళ్లకు తెల్లపొణికి కర్రతో, తెలంగాణలో నిర్మల్ వాళ్లకు, కర్ణాటకలో చన్నపట్న వాళ్లకు కూడా ఇదే దారి అవుతుంది.

2020 ఆగస్టులో ప్రధానమంత్రిగారు మన్ కీ బాత్‌లో ఏటికొప్పాక పేరు చెప్పినప్పుడు నా కొట్లో రేడియో దగ్గర నలుగురం చప్పట్లు కొట్టాం. 2025 రిపబ్లిక్ డే నాడు రాష్ట్ర శకటం నిండా ఇవే బొమ్మలు. ఆ వారం ఫోన్లు బాగానే వచ్చాయి. తర్వాతి వారం ఆగిపోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో బొమ్మల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు, దానికి మాత్రం నిజంగా థాంక్స్. కానీ తగ్గింది ప్లాస్టిక్ సెట్టుకు కూడా, కాబట్టి మధ్యలో దూరం అలాగే ఉంది.

మళ్లీ ఆ కోడలు అడిగిన ప్రశ్న దగ్గరికే వస్తాను, ఎందుకంటే నాకు రాత్రిళ్లు గుర్తొచ్చేది అదే. 2020 డిసెంబరులో మీరిచ్చిన మినహాయింపు మంచి మనసుతో ఇచ్చిందే. రిజిస్టరైన చేతివృత్తివాళ్లు, భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకేనన్న జీఐ గుర్తింపు, ఉన్న వస్తువులు చేసేవాళ్లు ఐఎస్ఐ లైసెన్సుల చుట్టూ తిరగక్కర్లేదన్నారు. ఇద్దరు కొడుకులతో కలిసి ఇంటి చావడిలో పనిచేసే మనిషి ఫ్యాక్టరీలా ల్యాబ్ పెట్టుకోలేడు. నిజమే. కానీ పరీక్ష ఖర్చు తప్పించి ఊరుకున్నారు, పరీక్ష చేయించే ఏర్పాటు చెయ్యలేదు. మొత్తం దేశానికి ముద్ర అడగడం నేర్పి, ఇంత శుభ్రమైన వస్తువును ముద్ర లేకుండా నిలబెట్టారు. కొనేవాళ్ల కంటికి ఇప్పుడది అనుమానపు సరుకు.

పూర్తిగా అనుమానం లేదని నేనూ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఒకసారి ఒకరి దగ్గర తక్కువకు వచ్చిందని తెచ్చిన లాటులో ఆకుపచ్చ బొంగరం చేతికి రంగు అంటించింది. లక్కలో కలిపింది ఆకు రంగో, డబ్బా రంగో నాకేం తెలుస్తుంది? అవి వెనక్కి పంపేశాను. 1990ల నుంచి ఏటికొప్పాకలో సి.వి. రాజు గారిలాంటివాళ్లు చెట్ల రంగులను వెతికి తెచ్చి నిలబెట్టిన పేరు అది. ఒక్క చెడ్డ లాటు చాలు దాన్ని తీసెయ్యడానికి. కాబట్టి ఆ ఊళ్లోనే, సర్కారు ఖర్చుతో, రంగులో సీసం ఉందో లేదో చూసే మిషను ఒకటి పెట్టించండి. లాటుకు రెండు బొమ్మలు తీసి చూస్తే సరిపోతుంది. పాసైన వాటికి భౌగోళిక గుర్తింపు ముద్రతో చిన్న అట్టముక్క కట్టండి. దాని మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పరీక్షించారు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు అని రాయించండి. ఇంగ్లీషు, హిందీ కింద చిన్నగా ఉన్నా ఫరవాలేదు.

ధర 480 ఉన్నా అమ్ముకోగలను, అదొక్కటి ఉంటే. ఆ పెద్దావిడ కొంగుముడి అప్పటికే విప్పబోయిందని చెప్పాను కదా.

ఆ సెట్టు ఇంకా పై అరలోనే ఉంది. మీరు విశాఖ వచ్చినప్పుడు దారిలో ఆగితే చూపిస్తాను. అనకాపల్లి హైవే మీదే ఉంది.

ఇట్లు,
ఒక బొమ్మల కొట్టువాడు,
అనకాపల్లి